తాడు కట్టి లాగిన కారు

ఆ వేసవిలో ఓట్లు అడగటానికి మా ఇంటికి ఎవరూ రాలేదు. అడగాల్సినవాళ్ళు మావాళ్ళే. మా బావగారు రంగనాయకులు మాత్రం ఒక ఉదయం వచ్చి, కూర్చోకుండానే మా కారు అడిగారు.

“ఎలక్షన్ అయిందాకే అబయా,” అన్నారు నా భర్తతో. “మా క్యాండిడేటు వాళ్ళమ్మకి మోకాళ్ళు పట్టేసుండాయి. కొడుకు ఇల్లిల్లూ దండాలు పెట్టుకుంటా పోతావుంటే ఆయమ్మ ఎనక కార్లో కూర్చోని నవ్వాల. అంతే పని. నా బండేమో ఎత్తు, ఎక్కలేదు. నీదైతే కిందకుండాది, ఏసీ బాగుండాది.”

నా భర్త నరేంద్రబాబు నా వైపు చూశాడు. వాళ్ళన్నకు కాదని చెప్పాల్సి వచ్చినప్పుడల్లా ఆయన అలాగే చూస్తాడు. ఆ కాదనే మాట నా నోటి నుంచి రావాలి.

ఆ కారు మా పెళ్ళికన్నా పాతది. కృష్ణపట్నం రోడ్డులో లారీ గుద్ది నరేంద్ర ఎడమకాలు మోకాలి కింద పోయినప్పుడు, పోర్టులో రిటైరై ఊరు వదిలి పోతున్న ఒక ఆఫీసరు దగ్గర సెకండ్‌హ్యాండులో కొన్నాం. ఆటోమేటిక్ బండి. క్లచ్ ఉండదు, గేర్లు అదే మార్చుకుంటుంది. తొక్కాల్సినవి రెండే, రెండూ కుడికాలితోనే. నరేంద్ర రొయ్యల గుంటలకు డాక్టరు లాంటివాడు. నీళ్ళు పరీక్ష చేసి, మేత ఎంత వెయ్యాలో, ఏ మందు చల్లాలో రైతులకు చెబుతాడు. కావలి నుంచి జువ్వలదిన్నె దాకా గుంట గుంటకూ తనంతట తాను పోగలుగుతున్నాడంటే ఆ కారు వల్లే. అది లేకపోతే ఆయనకు మిగిలేది వాళ్ళన్న మేత దుకాణంలో బిల్లులు రాసే కుర్చీ. “కూర్చోని చేసే పని, నీకు సుఖం,” అని బావగారు ఆస్పత్రి మంచం పక్కనే ఆ కుర్చీ సంగతి ఎత్తారు. ఆ మాట వచ్చిన పూట నరేంద్ర అన్నం సరిగా తినడు.

నేను కూడా దాంట్లోనే నేర్చుకుని లైసెన్సు తీసుకున్నాను. ఎండలకు నరేంద్ర తొడుక్కునే జైపూరు కాలు ఒరుసుకుని పుండు పడినప్పుడు ఆయన పక్కన కూర్చుంటే నేనే గుంటలకు తీసుకుపోయేదాన్ని. దాని మంచిచెడ్డలు చూసేదీ నేనే. ఆఫీసరుగారు కారుతో పాటు ఇచ్చిన పుస్తకాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివింది మా ఇంట్లో నేనొక్కదాన్నే. కావలి కాలేజీలో చదివిన బీయస్సీ ఫిజిక్సుకు పెళ్ళయ్యాక దొరికిన ఉద్యోగం అదొక్కటే.

“బావగారూ, దీన్ని గంటల తరబడి నడక వేగంతో తోలితే గేరుబాక్సు వేడెక్కిపోతుంది,” అన్నాను. “ఆ వేడికి లోపలి నూనె మాడుతుంది. మధ్యమధ్యలో ఆపి చల్లారనివ్వాలి. ఇసుకలోకి దించకూడదు. ఒకవేళ ఎక్కడన్నా ఆగిపోయినా మామూలు కార్లలాగా తాడు కట్టి లాగకూడదు. ముందు చక్రాలు పైకెత్తి తీసుకురావాలి.”

బావగారు అంతా విన్నారు. తర్వాత గేటు దగ్గర నిలబడిన డ్రైవరు హజరత్తయ్య వైపు తిరిగారు.

“వింటివా రే? ఇది కారా, బాలింతా?”

హజరత్తయ్య నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నరేంద్ర కూడా నవ్వాడు. నవ్వుతూనే తాళం ఇచ్చేశాడు.

*

ప్రచారం మా వీధికి వచ్చినప్పుడు నేను గేటు దగ్గర నిలబడి చూశాను. ముందు డప్పులు, వెనక జెండాలు, మధ్యలో చెమటతో తడిసిన క్యాండిడేటు. ఆయన వెనక మా కారు. ముందు రేకు మీద పూలదండ, కిటికీలకు రెండువైపులా జెండాలు. లోపల పెద్దావిడ చల్లగా కూర్చుని, వచ్చిన ప్రతి చేతినీ అద్దంలోంచి పలకరిస్తోంది.

అందరూ ఆమెను చూస్తున్నారు. కారు ముందుకు పోయాక నేను వెనక లైట్లు చూశాను. కారు కదులుతూ ఉంది, బ్రేకు లైట్లు మాత్రం ఆరడం లేదు. అంటే హజరత్తయ్య ఎడమకాలు బ్రేకు మీద, కుడికాలు యాక్సిలేటరు మీద పెట్టి ఒకేసారి రెండూ తొక్కుతున్నాడు. జీవితమంతా ట్రాక్టరూ లారీ తోలినవాడు. ఎడమకాలు ఊరికే ఉంటే వాడికి తోచదు. జనం అడ్డమొచ్చినప్పుడల్లా లివరును న్యూట్రల్‌లోకి లాగి, మళ్ళీ ఇంజను గుర్రుమంటుండగానే డ్రైవ్‌లోకి నెట్టేస్తున్నాడు. నెట్టినప్పుడల్లా కారు ముందు భాగం ఉలిక్కిపడుతోంది.

నేను పక్కనే నడిచి కిటికీ అద్దం తట్టాను.

“హజరత్తయ్యా, ఎడమకాలు తీసెయ్యి. ఒక్క కాలే వాడాల.”

“మీయాయనకంటే ఒంటికాలు గాబట్టి అట్ట తోల్తాడు, అక్కా. నాకు రెండూ వుండాయి గదా,” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే అట్లా అనుకున్నాడు.

జెండా పట్టుకున్న కుర్రాళ్ళు పగలబడి నవ్వారు. ఆ మాట నేను ఇంట్లో నరేంద్రకు చెప్పలేదు. హజరత్తయ్య రెండు కాళ్ళతో తొక్కుతున్న సంగతి మాత్రం చెప్పాను.

“నేను అన్నకు చెప్తాలే,” అన్నాడు. చెప్పాడో లేదో తెలియదు.

ఆ నెలంతా ఆయన రైతుల మోటారు సైకిళ్ళ వెనక కూర్చుని గుంటలకు పోయి వచ్చాడు. కాలు పక్కకు చాపి కూర్చోవాల్సి వచ్చేది. సాయంత్రం జైపూరు కాలు విప్పితే మొండి ఎర్రగా కమిలి ఉండేది. కొబ్బరినూనె రాస్తుంటే, “ఇంకెన్ని రోజుల్లే, ఓట్లు దగ్గర పడినాయి,” అనేవాడు. అన్న అడిగితే ఇవ్వకుండా ఎట్లా అని నన్నూ, తననూ అడుగుతున్నట్టు అనేవాడు. గుంటల రైతుల్లో సగంమంది బావగారి దుకాణంలో మేత తీసుకునేవాళ్ళే. ఆయన చెప్పబట్టే నరేంద్రను పిలుస్తారని ఇద్దరు అన్నదమ్ములూ నమ్ముతారు. నేను నమ్మను. నా భర్త చెప్పింది చేసిన రైతుకు రొయ్య బతుకుతుంది, అందుకు పిలుస్తారు. ఈ మాట ఆయనకు ఎన్నిసార్లు చెప్పినా వినబడేది కాదు.

*

ప్రచారం లేని ఒక ఆదివారం కారు ఇంటికి వచ్చింది. దండలు వాడి, జెండా కర్రలు రాసుకున్నచోట రంగు లేచిపోయింది. నేను దాన్ని హైవే దాకా తోలుకుపోయి వచ్చాను. చెప్పాల్సినదంతా అదే చెప్పింది. లివరు డ్రైవ్‌లో పెట్టాక కదలడానికి ఒక క్షణం ఆలోచించింది. రివర్సులో పెడితే ఎవరో కింద నుంచి తన్నినట్టు దడ్డుమంది. బ్రిడ్జి ఎక్కేటప్పుడు ఇంజను అరుపు పెరిగింది గానీ వేగం పెరగలేదు.

ఇంటికి వచ్చాక ఇంజను ఆపకుండానే గేరుబాక్సు నూనె కొలిచే పుల్ల తీశాను. ఈ బండికి అట్లాగే చూడాలి, వేడిగా, ఇంజను నడుస్తుండగా. చల్లగా ఉన్నప్పుడు చూస్తే అది తప్పు చెబుతుంది. పుల్ల తుడిచి, మళ్ళీ ముంచి తీసి, పాత తెల్లచీర ముక్క మీద ఒక బొట్టు వేశాను. ఈ నూనె బాగున్నప్పుడు దానిమ్మరసంలా ఎర్రగా ఉంటుంది. చీర మీద బొట్టు కషాయం రంగులో ఉంది. మాడిన పోపు వాసన వచ్చింది. మట్టం మాత్రం సరిగ్గానే ఉంది. అంటే ఎక్కడా కారడం లేదు. ఉన్న నూనే ఉడికిపోయింది. లోపల ఒకదాన్నొకటి పట్టుకుని చక్రాన్ని తిప్పే బిళ్ళలు కాలడం మొదలైంది.

గుడ్డ తీసుకుపోయి నరేంద్రకు చూపించాను. పేపరు పక్కన పెట్టి వాసన చూశాడు.

“ఇప్పుడే నూనె మార్పించి, ఇంక ఇవ్వకుండా ఉంటే బతుకుతుంది,” అన్నాను.

“ఎలక్షన్ కాగానే మార్పిద్దాం.”

“అప్పటికి మార్పించడానికి ఏమీ మిగలదు.”

“నువ్వు బాగున్న మనిషిని కూడా ఆస్పత్రికి పంపేట్టుండావే,” అన్నాడు. ఎట్లా చెప్పాలో తోచనప్పుడు ఆయన హాస్యమాడతాడు. సోమవారం పొద్దున్నే హజరత్తయ్య వచ్చి కారు తీసుకుపోయాడు.

ప్రచారం ముగిసే రోజుల్లో ఒక మధ్యాహ్నం నేను వంకాయలు వేయిస్తుండగా నరేంద్ర ఫోను మోగింది. ‘చెప్పన్నా’ అంటూ మెట్ల మీదికి పోయి మాట్లాడాడు. లోపలికి వచ్చి, “బండి ఆగిపొయ్యిందంట. తెస్తా ఉండారు,” అన్నాడు.

“ఎట్లా తెస్తున్నారు?”

“ఎట్టో తెస్తార్లే,” అని కంచం ముందు కూర్చున్నాడు.

సాయంత్రానికి నలుగురు మనుషులు కారును వీధి చివర నుంచి తోసుకుంటూ తెచ్చి వాకిట్లో నిలిపారు. బావగారు నుదురు తుడుచుకుంటూ వెనక వచ్చారు.

“ముసిలిదైపొయ్యింది అబయా. దానికీ రిటైర్మెంటు ఈయాల,” అన్నారు.

చక్రాల సందుల్లో తడి ఇసుక అట్టకట్టి ఉంది. ముందు బంపరు కింద కొక్కెం దగ్గర రంగు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. నైలాను తాడు పోగులు నాలుగు దానికి చుట్టుకుని ఉన్నాయి. నేను వాటిని తీసి చేతిలో పట్టుకున్నాను. నరేంద్ర చూశాడు. లోపలికి వెళ్ళిపోయాడు.

*

మాకు ఎండుచేపలు తెచ్చేది జువ్వలదిన్నె రెబెక్కమ్మ. ఆ వారం గంప దించుతూనే వాకిట్లో కారు చూసి నవ్వింది.

“ఇంటికి చేరిందా మ్మే, మీ పెండ్లికూతురు?”

“నువ్వెక్కడ చూశావు?”

“మా కాడికి రాలా? మీ క్యాండిడేటు మీటింగంటా పెడితిరి గదా రేవు కాడ. ఆ దొంగ సచ్చినోళ్ళు తిన్నంగా ఇసకలోకే తోలినారు. దిగబడింది. ముందుకీ ఎనక్కీ, ముందుకీ ఎనక్కీ, ఒకటే గీ పెట్టడం. పొగ! పిల్లోళ్ళు తమాషా జూసినట్టు జూసినారు. ఆనక ట్రాక్టరు దెచ్చి తాడు గట్టినారు.”

“ఇసుకలోంచి బయటికి లాగారా?”

“బయటికే? కావలి రోడ్డంతా లాక్కపొయినారు తల్లీ. నేను ఆటోలో ఎనకే వస్తినే. ట్రాక్టరోడు ఎంత జోరుగా లాగినాడంటే, కార్లో కూర్చోనున్న హజరత్తయ్య స్టీరింగు పట్టుకోని యేసయ్యకు మొక్కినంత పని జేసినాడు. వోడు మా మతపోడు కూడా గాదు.” అని ఎండు మెత్తళ్ళు కొలవడం మొదలుపెట్టింది. “పావుసేరు ఎక్కువ ఏస్తండా, మూతి అట్ట పెట్టుకోబాక.”

ఆమె పోయాక నరేంద్రకు చెప్పాను. ఇంజను నడిస్తేనే ఆ గేరుబాక్సులో నూనె తిరుగుతుందనీ, ఇంజను ఆపి చక్రాలను అంతదూరం తిప్పితే లోపలి పళ్ళన్నీ ఎండిపోయి ఒకదాన్నొకటి కొరుక్కుంటాయనీ విడమరిచి చెప్పాను. ఆయన టీవీ చూస్తున్నాడు. టీవీలో సర్వేల మీద వాదన జరుగుతోంది.

“పల్లెల్లో ఆడోళ్ళు ఏదో ఒకటి అంటారు,” అన్నాడు.

“కొక్కెం మీ కళ్ళతో చూశారు.”

“చూసినా. ఇప్పుడు అన్నతో పోట్లాడమంటావా? ఓట్లు రేపెల్లుండి.”

 అన్నను కాపాడుకుంటున్నాడని అనుకున్నాను. కాపాడుకోవాల్సిన అవసరం ఉందని నాకూ తెలుసు.

*

ఓట్లు అయిపోయాక కారును లారీ మీద ఎక్కించి నెల్లూరులో తహీర్ షెడ్డుకు పంపించాం. ఆటోమేటిక్ గేరుబాక్సులు విప్పేవాళ్ళు మా వైపు తక్కువ. తహీర్ చెన్నైలో చాలాకాలం పనిచేసి వచ్చాడు, పనికి తగ్గట్టే గిరాకీ, గిరాకీకి తగ్గట్టే విసుగు. బావగారు తన జీపులో నన్నూ నరేంద్రనూ తీసుకుపోయారు. దారంతా పోలింగు బూతుల వారీగా ఎవరికెన్ని పడతాయో చెబుతూనే ఉన్నారు.

తహీర్ కారును పైకెత్తించి, గేరుబాక్సు అడుగున నూనె నిలిచే రేకు గిన్నె విప్పాడు. ముందు బొట్టు బొట్టుగా, తర్వాత ధారగా నూనె కిందికి దిగింది. నల్లగా ఉంది. తారు అనుకున్నా నమ్మేట్టు ఉంది. గిన్నె కిందికి దింపి, అడుగు మడ్డిలో వేలు పెట్టి తీసి వెలుతురులో రుద్దాడు.

“బిళ్ళలు కాలిపోయినాయి సార్. ఈ నల్లది అదే. వేడికి అయ్యింది, మాట్లాడే పనిలేదు.” ఇంకోసారి వేలు ముంచాడు. ఈసారి వేలి మీద సన్నగా మెరుపులు. “ఇదేమో ఇనుము. ఇది వేడికి రాదు. లోపల నూనె లేకుండా తిరిగితేనే ఇట్ట రాలేది. లాక్కొచ్చినారా యాడినించన్నా? ఇంజను ఆపి?”

నేను నరేంద్రను చూశాను. బావగారు ఫోనులోంచి తల ఎత్తారు.

“లేదే,” అన్నాడు నరేంద్ర.

“మరెవురు తోల్తారు బండి? మీరేనా?”

“నేనే. మా ఆవిడ కూడా తోల్తాది.” చేతికర్ర మీద బరువు మార్చుకున్నాడు. “ఇంకా నేర్చుకుంటా ఉండాది. రెండు కాళ్ళూ పెట్టి తొక్కతాది. బ్రేకు మీద ఒకటి, యాక్సిలేటరు మీద ఒకటి. చెప్పినా ఇనదు.”

షెడ్డులో ఎవరో రేకు మీద సుత్తితో కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగింది, మళ్ళీ మొదలైంది. బావగారు తమ్ముణ్ణి ఒక చూపు చూసి, మళ్ళీ ఫోనులోకి తల దించుకున్నారు. ఆ చూపును నేను ఆశ్చర్యం అనుకున్నాను.

“మేడమ్, ఒక్క కాలే వాడాలమ్మా,” అన్నాడు తహీర్. మర్యాదగానే అన్నాడు. తర్వాత వేలిని గుడ్డకు తుడుచుకుంటూ, “ఈ ఇనుము మాత్రం కాళ్ళతో వచ్చేది కాదు. సరే, నాకెందుకు. దీన్ని బాగుచేయడం దండగ. ఇంకో బాక్సు తెప్పించుకోండి, ఎక్కిస్తా,” అన్నాడు.

నోరు తెరిస్తే అన్నదమ్ముల పరువు షెడ్డులో పడుతుందని నేను మాట్లాడలేదు. నా మాటే, నేను గేటు దగ్గర నిలబడి కనిపెట్టిన మాటే, నన్ను చూపించి చెబుతుంటే వింటూ నిలబడ్డాను.

తిరిగి వచ్చేటప్పుడు జీపులో ఎవరూ బూతుల లెక్కలు ఎత్తలేదు.

*

మరుసటి వారం బావగారింట్లో భోజనానికి పిలిచారు. తోడికోడలు కామాక్షమ్మక్క చేపల పులుసు వడ్డించింది. చెయ్యి కడుక్కుంటూ బావగారు చెప్పారు.

“చెన్నైలో పాత బండ్లు విప్పేకాడ మనవోడు ఒకడుండాడు. గేరుబాక్సు నేను తెప్పిస్తా. ఎంతయితే అంత. కాలు లేనోడు, నేను గాకపోతే ఎవురు చూస్తారు?”

నరేంద్ర తల వంచుకుని విన్నాడు.

“ఒక మాట మాత్రం. ఇంకమీదట ఆడోళ్ళు దాని జోలికి పోబాకండి. ఏమ్మా ఉషా, తప్పనుకోబాక. ఇంకోసారి పోతే నా వల్ల గాదు.”

“అబ్బే, అదెందుకు తోల్తాదిలే అన్నా,” అన్నాడు నరేంద్ర. నా బదులు ఆయనే జవాబు చెప్పాడు.

కామాక్షమ్మక్క నా భుజం మీద చెయ్యి వేసింది. “పోనీలే ఉషా. నేనైతే పాలపాకెట్టు కూడా పనిమనిషి చేత తెప్పిస్తా. మనకెందుకమ్మా ఆ కష్టం?”

ఆ మాట ఇంట్లోంచి ఎట్లా నడిచిందో, మా చుట్టాల్లో జరిగిన నిశ్చితార్థానికి పోయేసరికి నాకన్నా ముందే అక్కడ కూర్చుని ఉంది. తాంబూలం ఇస్తూ ఒకావిడ, “నువ్వేనంటగా, కారు గేర్లన్నీ నూరేసింది?” అంది. చుట్టూ ఉన్నవాళ్ళు మంచి మనసుతోనే నవ్వారు. వాళ్ళలో ఇద్దరు, నేను లైసెన్సు తీసుకున్నప్పుడు మాకూ నేర్పమని అడిగినవాళ్ళు. ఆ రోజు అడగలేదు.

గేరుబాక్సు వచ్చింది. తహీర్ ఎక్కించాడు. కారు ఇంటికి వచ్చిన రోజు నరేంద్ర చిన్నపిల్లాడిలా ఊరంతా తిప్పుకొచ్చి, “కొత్తదాని లెక్క పోతాంది ఉషా,” అన్నాడు. మరుసటి రోజు నుంచి మళ్ళీ తనంతట తాను గుంటలకు పోసాగాడు. కమిలిన చోట తోలు ఆరింది. నేను కోరుకున్నది కూడా అదే. దుకాణంలో కుర్చీ ఖాళీగానే ఉంది. అందుకు సంతోషించలేదంటే అబద్ధమవుతుంది.

*

ఓట్లు లెక్కపెట్టిన రోజు వాళ్ళ క్యాండిడేటు ఓడిపోయాడు. తర్వాత నాలుగు రోజులు బావగారింటికి మనుషులు పరామర్శకు వచ్చినట్టు వచ్చి పోయారు. కామాక్షమ్మక్కకు సాయంగా నేనూ పోయాను. కాఫీ గ్లాసు చేతికిస్తుంటే బావగారు పడక కుర్చీలో వెనక్కి వాలి ఎవరి మీదనో తెలియని కోపంతో ఉన్నారు.

“ఈ ఎలక్షన్లో పట్టిందల్లా బూడిదే,” అన్నారు. “బూతుల కాడ కూర్చున్నోళ్ళు అమ్ముడుబోయిరి. మీటింగు పెడితే గాలివాన. కారు దెస్తే కారు పాయె. ఆ గేరుబాక్సు దుడ్లు కూడా నా నెత్తినే పడె.”

“ట్రాక్టరుతో లాగకుండా ఉంటే అంత అయ్యేది కాదు బావగారూ,” అన్నాను. అప్పటికి అది చెప్పినా పోయేదేమీ లేదనిపించింది.

ఆయన గ్లాసు దించి నా వైపు చూశారు. కోపంగా కాదు. నాకు తెలియదన్న సంగతి అప్పుడే తెలిసినట్టు చూశారు.

“నేనేమన్నా మెకానిక్కునా ఉషా? ఇసకలోంచి బయటికి లాగినాక బండి కదల్లా. నువ్వు చెప్పినమాట నాకు గ్యాపకం ఉండాది, తాడు కట్టబాకండి అంటివి. అందుకే వోడికే ఫోన్ చేసినా. ఏం జేసేది అబయా, లారీ పిలిపించేదా అని అడిగితి. ‘లారీ దండగన్నా, న్యూట్రల్లో ఏసి లాక్కరాండి, ఏం గాదు, మా ఆవిడ అన్నిట్నీ పెద్దవి జేస్తాది’ అన్నాడు నీ మొగుడు. ఇంక నేనేం జేసేది?” కాఫీ ఒక గుక్క తాగారు. “షెడ్డు కాడ మళ్ళీ వోడే నీ మీద చెప్పె. మొగుడూ పెళ్ళాల మధ్య నాకెందుకని ఊరుకుంటి. చక్కెర కొంచెం తక్కువైంది చూడు.”

నేను గ్లాసు తీసుకుని లోపలికి పోయి చక్కెర వేసి తెచ్చి ఇచ్చాను.

*

నరేంద్ర తనే చెబుతాడని ఎదురుచూశాను. నేను అడిగితే చెప్పించుకున్నట్టవుతుంది. అందుకని అడగలేదు. పక్క మీద, భోజనాల దగ్గర, మొండికి నూనె రాసేటప్పుడు, ఆయన ఏదైనా మాట మొదలుపెడితే అదేనేమోనని చెయ్యి ఆపేదాన్ని. అది మేత ధర గురించో, తెల్లమచ్చ రోగం తగిలిన గుంట గురించో అయ్యేది. వాళ్ళన్నకు అన్నీ ఇచ్చే మనిషి, వాళ్ళన్నను కాపాడుకున్నా నేను సర్దుకునేదాన్ని. షెడ్డులో ఆయన కాపాడుకున్నది తన ఒక్క మాటను. ‘నేనే చెప్పినా, నాకు తెలియక’ అని ఉంటే, తహీర్ ఆ మాట విని మరుసటి బండి చూసుకునేవాడు. బావగారు రెండు రోజులు నవ్వి మర్చిపోయేవారు. అంత చిన్న పనికి నన్ను వాడుకున్నాడు.

ఆషాఢం గాలులు మొదలయ్యాక ఒక రోజు ఆయన, “గుంటల కాడికి రా, చాన్నాళ్ళయింది,” అని పిలిస్తే పోయాను. ఊళ్ళన్నీ దాటి, రెండువైపులా రొయ్యల గుంటలు తప్ప ఏమీ లేని రోడ్డు మీద కారు ఆపాడు. గుంటల్లో గాలి పట్టించే చక్రాలు నీళ్ళను చిలుకుతున్నాయి. మనిషి అలికిడి లేదు. ఇంజను ఆపి తాళం తీసి నా ముందుకు చాచాడు.

“ఇక్కడి నించి నువ్వు తోలు.”

“మీ అన్న వద్దన్నారు కదా.”

“అన్న యాడుండాడు? ఎవురు చూస్తారు ఈడ?” చుట్టూ చూపించాడు. “ఎవురూ లేరు గదా.”

ఆయన ముఖంలో నిజంగానే ప్రేమ ఉంది. నాకోసం దారి మళ్ళించి ఇంతదూరం వచ్చాడు. ఆ తాళంతోనే అంతా సరిపోతుందనుకున్నాడు. ఆ ఫోను మాట ఆయన చెప్పడానికి ఇంతకన్నా మంచి చోటు లేదు. నేను తాళం వైపు చూడకుండా ఆయన ముఖంలోకి చూస్తూ ఆగాను. 

“తీసుకో, ఎవురూ లేరంటినే,” అన్నాడు మళ్ళీ.

“నేనున్నాను,” అన్నాను.

ఆయన చెయ్యి కొంచెంసేపు అట్లాగే గాలిలో ఉంది. అర్థమైందో లేదో నేను అడగలేదు. తాళం మళ్ళీ పెట్టి బండి తీశాడు.  గేర్లు ఒకదాని తర్వాత ఒకటి, మారినట్టే తెలియకుండా మారాయి. తహీర్ మంచి పనివాడు.